ఆ నల్ల ట్రే ఎవరి తలనొప్పి? మున్సిపాలిటీదా, కంపెనీదా, మనదా?

వానచినుకు:
అందరికీ నమస్తే. కాస్త పొడుగు పోస్టే, ఓపికుంటే చదవండి. మొన్న పొద్దున చెత్త బండి వచ్చి వెళ్ళాక చూస్తే మా రీసైక్లింగ్ డబ్బా ఖాళీ చెయ్యకుండా అలాగే వదిలేసి మూత మీద ఒక స్టిక్కర్ అంటించి పోయారు, ఇందులో మేం తీసుకోని వస్తువు ఉంది అని. ఏ వస్తువో మాత్రం రాయలేదు. డబ్బా మొత్తం నేల మీద బోర్లించి ఒక్కొక్కటే చూసుకున్నా, అన్నీ కడిగినవే, ఏది తప్పో అర్థం కాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే పావుగంట పాట వినిపించి ఆఖరికి ఒకాయన ఎత్తి "నల్ల ట్రే ఏమైనా వేశారా అమ్మా" అన్నాడు. వేశాను. వండిన తిండి ప్యాక్ చేసి అమ్ముతారు కదా, ఆ లోతు ట్రే. దాన్ని వేణ్ణీళ్ళు పెట్టి సబ్బుతో రుద్ది ఆరబెట్టి మరీ వేశా. అడుగున త్రికోణం, మూడు బాణాలు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు, మధ్యలో 5, కింద పీపీ అని అక్షరాలు. దానర్థం రీసైకిల్ అవుతుందనే కదా?

ఆయనేమో "అది కంపెనీ వాళ్ళు వేసుకునేది, మా లిస్టులో లేదు" అన్నాడు. సరే అని కంపెనీ కస్టమర్ కేర్‌కి రాస్తే రెండు రోజులకి జవాబు, మా ప్యాకింగ్ రీసైకిల్ చెయ్యదగినదే, వివరాలకి మీ స్థానిక సంస్థని అడగండి అని. అంటే వీళ్ళు వాళ్ళని చూపిస్తారు, వాళ్ళు వీళ్ళని చూపిస్తారు, మధ్యలో ట్రే మా వంటింటి గట్టు మీద కూర్చుంది. ఇంతకీ ఇది ఎవరి బాధ్యత? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది, వెటకారానికి అడగట్లేదు.

పక్కింటిపిల్లి:
మా ఇంట్లో కూడా సేమ్ స్టిక్కర్ అక్కా. మేం మర్నాడు అన్నీ మామూలు చెత్తలో పడేశాం. తలనొప్పి లేదు.

ఇనపగజ్జె:
త్రికోణం చూసి మోసపోని వాళ్ళు ఎవరూ లేరు లెండి. ఆ నంబర్ల పద్ధతి 1988లో అమెరికాలో ప్లాస్టిక్ కంపెనీల సంఘమే మొదలుపెట్టింది. అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు మాత్రమే, 1 అంటే పెట్ (నీళ్ళ బాటిళ్ళ ప్లాస్టిక్), 2 అంటే గట్టి పాలిథిలీన్, 5 పాలిప్రొపిలీన్ (మీ ట్రే మీది పీపీ అదే), 7 అంటే "ఇతరాలు", అంటే ఏదైనా కావచ్చు. రీసైకిల్ అవుతుందని అందులో ఎక్కడా లేదు. కానీ దాని చుట్టూ పెట్టిన బాణాలు ఎక్కడివి? 1970లో గ్యారీ ఆండర్సన్ అనే కాలేజీ స్టూడెంట్ పోటీ కోసం గీసిన రీసైక్లింగ్ గుర్తుని పోలినవి. మరి జనం ఏమనుకుంటారు? 2013లో ప్రమాణాల సంస్థ వాళ్ళు బాణాలు తీసేసి మామూలు నిండు త్రికోణం పెట్టమన్నారు, కానీ పాత అచ్చులు మార్చుకునేదెవరు, ఇప్పటికీ బాణాలే వస్తున్నాయి. తెలిసి చేశారా తెలియక చేశారా అనేది మీ ఊహకే వదిలేస్తున్నా.

బెల్టుపక్కన:
వానచినుకు గారూ, నేను ఆరేళ్ళు సార్టింగ్ ప్లాంట్‌లో చేశాను, సగం టైము బెల్టు పక్కన నిలబడి, సగం మెషిన్ల దగ్గర. మీ ట్రే సంగతి నేను చెప్తా.

బెల్టు మీద సరుకు పరిగెడుతుంటే పైనుంచి ఒక లైటు పడుతుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఒక్కో ప్లాస్టిక్ ఆ వెలుగుని ఒక్కో రకంగా తిప్పి కొడుతుంది, దాన్ని బట్టి మెషిన్ ఇది పెట్, ఇది పీపీ అని కనిపెట్టి సరిగ్గా ఆ ముక్క అంచు దాటే క్షణంలో కిందనుంచి గాలి ఊది అవతలి గుంటలోకి ఎగరేస్తుంది. టపటపటప అని శబ్దం వస్తూనే ఉంటుంది రోజంతా. ఇప్పుడు నల్ల ట్రేకి వేసే రంగు కార్బన్ బ్లాక్, అంటే మసి. అది ఆ వెలుగుని మింగేస్తుంది. తిరిగి ఏమీ రాదు. కింద బెల్టు కూడా నల్లదే. కాబట్టి మెషిన్ లెక్కలో అక్కడ ఏ వస్తువూ లేదు, ఖాళీ బెల్టు. ట్రే నేరుగా వెళ్ళి చివర చెత్త గుట్టలో పడుతుంది. మీరు సబ్బుతో కడిగినా, సెంటు రాసినా అంతే.

ఇంక ఆ పైన పల్చటి ఫిల్ము ఉంటుంది చూశారా, అది ఇంకో గోల. మెషిన్లో తిరిగే ఇరుసుల చుట్టూ చుట్టుకుపోతుంది, క్యారీబ్యాగులూ అంతే. షిఫ్టుకి ఒకసారైనా కరెంటు ఆపి, తాళం వేసి, ఇద్దరు లోపలికి దిగి కత్తులతో కొయ్యాల్సిందే, ఇరుసుకి జుట్టు మొలిచినట్టుంటుంది, కొయ్యగా కొయ్యగా బస్తాలకి బస్తాలు. మోకాళ్ళ మీద కూర్చుని కోసే ఆ అరగంట ప్లాంటు మొత్తం ఆగిపోతుంది.

వానచినుకు:
అయ్యో, ఇది ఎవరూ చెప్పలేదే. ఒక్క రంగు వల్లనా?? అసలు ఆ నలుపు ఎందుకు వెయ్యడం, తెల్లగా ఉంచితే ఏం పోయింది?

గళ్ళచొక్కా:
దీనికి నేను చెప్పాలి అనుకుంటా, ప్యాకేజింగ్ డిజైన్‌లో పనిచేస్తున్నా, ఏ కంపెనీ అనేది వద్దు. తిట్టాలనుకునే వాళ్ళు పూర్తిగా చదివాక తిట్టండి.

నలుపు ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, నల్ల ట్రేలో తిండి నిగనిగలాడుతూ కనిపిస్తుంది, మార్కెటింగ్ వాళ్ళ పట్టుదల. రెండోది విచిత్రం, నల్ల ట్రేల్లో కొన్ని పాత ప్లాస్టిక్ కరిగించి చేసినవే. ఆకుపచ్చా నీలం ఎరుపూ అన్ని రంగుల తుక్కు కలిపితే వచ్చేది ముద్ద రంగు, దాన్ని కప్పడానికి నలుపు ఒక్కటే దారి. అంటే రీసైకిల్ చేసిన సరుకుతో చేసిన ట్రే మళ్ళీ రీసైకిల్ అవ్వదు. మెషిన్‌కి కనిపించే వేరే నల్ల రంగులు ఇప్పుడు ఉన్నాయి, కొంచెం ఖర్చెక్కువ.

ప్యాకింగ్ అనగానే అంతా దండగ అనుకోకండి దయచేసి. చిప్స్ ప్యాకెట్ తీసుకోండి. చేతికి ఒక్క పొరలా తగులుతుంది కానీ అచ్చు వేసేది ఒక పొర, గాలీ తేమా లోపలికి రాకుండా అల్యూమినియం పూత ఇంకో పొర, వేడికి అతుక్కునేది ఇంకో పొర. ఆ పొరలు లేకపోతే వారంలో మెత్తబడి పారేస్తారు. పారేసిన తిండి వెనక ఉండే నీళ్ళూ కరెంటూ ఎరువూ లెక్కేస్తే ఆ నాలుగు గ్రాముల ప్లాస్టిక్ కంటే చాలా ఎక్కువ. ఆ పొరల్ని మళ్ళీ విడదీసే మార్గం సామాన్యంగా లేదు, అది ఒప్పుకుంటాను. మాకు వచ్చే ఆర్డర్‌లో ఇన్ని నెలలు నిలవ ఉండాలి, ఇంత బరువు మించకూడదు, ఇంత ఖర్చు మించకూడదు అని ఉంటుంది. వాడేశాక ఏమవ్వాలి అనే గడి చాలా ఏళ్ళు ఆ ఫారంలోనే లేదు.

నిదానమే_ప్రధానం:
ఫారంలో గడి లేదట! భూమ్మీద చోటు మాత్రం ఉంది.

ఆరుబయట:
నా మాట ఒకటి వినండి. ఇంత చర్చ అక్కర్లేదు. కొనడం మానెయ్యండి. ట్రే తిండి కొనమని ఎవరు చెప్పారు? ఇంట్లో వండుకుంటే ట్రే లేదు స్టిక్కర్ లేదు. ప్రతిదానికీ కంపెనీ, గవర్నమెంటు అంటూ వేళ్ళు చూపించడం మనకి అలవాటైపోయింది.

వానచినుకు:
ఆరుబయట గారూ, రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి వచ్చి వండుకునే ఓపిక ఉన్నరోజు వండుకుంటూనే ఉన్నానండి. మిగతా రోజుల గురించి అడుగుతున్నా.

ఇనపగజ్జె:
ఆరుబయట గారి మాట కొత్తదేం కాదు, సరిగ్గా ఈ మాటే జనం నోట్లో పెట్టడానికి పెద్ద పెద్ద కంపెనీలే డబ్బు పోశాయి. 1953లో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం వాడి పారేసే బీరు సీసాల్ని నిషేధించింది. అదే ఏడాది డబ్బాలు, సీసాలు తయారుచేసే కంపెనీలు కలిసి కీప్ అమెరికా బ్యూటిఫుల్ అని ఒక సంస్థ పెట్టాయి. చెత్త వేసేవాడిది తప్పు, కాబట్టి వాడికి బుద్ధి చెప్పాలి, ఇదీ వాళ్ళ ప్రచారం. 1971లో చెత్త చూసి ఒక ఆదివాసీ పాత్ర కంటనీరు కార్చే టీవీ ప్రకటన కూడా వాళ్ళదే. వెర్మాంట్ చట్టం నాలుగేళ్ళకే గడువు తీరి పోయింది. రోడ్డు మీద చెత్త వెయ్యొద్దు అంటే ఎవరు కాదంటారు, మంచి మాటే, కానీ ఆ మంచి మాట చాటున అసలు ప్రశ్న మాయమైంది, పారెయ్యడం తప్ప వేరే గతి లేని వస్తువుని చేసిందెవరు అని.

ఆరుబయట:
అంటే మనం చేసేది ఏమీ లేదంటారా? ఇదేం న్యాయం.

ఇనపగజ్జె:
అలా అనలేదు. మనం ఒకళ్ళమే చెయ్యాలి అనే దాన్ని కాదంటున్నా.

చిత్తుకాగితం:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, ఇక ఆగలేకపోతున్నా. స్థానిక సంస్థలో లెక్కల విభాగంలో చేసి రిటైర్ అయినవాణ్ణి. మమ్మల్ని అందరూ తిడతారు కదా, మా వైపు నుంచి ఒకసారి చూడండి బాబూ.

బజార్లోకి ఏ ట్రే రావాలో, ఏ రంగు రావాలో మమ్మల్ని ఎవరూ అడగరు. వచ్చాక మాత్రం ఎత్తాల్సింది మేమే, చట్టం మా నెత్తిన పెట్టింది. విందు ఒకరిది, విస్తళ్ళు ఎత్తేది ఇంకొకరు. ఎత్తడానికి మాకు ఒక కాంట్రాక్టు ఉంటుంది, ఏళ్ళ తరబడి నడిచే కాంట్రాక్టు, అందులో ఫలానా ఫలానా వస్తువులు తీసుకుంటాం అని లిస్టు. కాంట్రాక్టు రాసినప్పుడు లేని ప్యాకింగ్ మధ్యలో బజార్లోకి వస్తే అది లిస్టులో ఉండదు. అందుకే పక్క వార్డు లిస్టు వేరు, పక్క ఊరి లిస్టు వేరు. జనం గందరగోళపడటం తప్పు కాదు.

ఇక డబ్బు సంగతి. వేరు చేసిన ప్లాస్టిక్‌ని బేళ్ళు కట్టి అమ్ముతారు. దానికి రేటు ఎవరు చెప్తారు? ఒక రకంగా చమురు. ముడి చమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, అప్పుడు పాతది ఎవడు కొంటాడు? దానికి తోడు 2018. చైనా అప్పటిదాకా ప్రపంచం పంపే ప్లాస్టిక్ చెత్త కొంటూ ఉండేది, 1992 నుంచి లెక్కేస్తే దేశాలు దిగుమతి చేసుకున్న మొత్తంలో దాదాపు 45 శాతం ఒక్క చైనాకే. ఆ ఏడాది జనవరి నుంచి ఇళ్ళ ప్లాస్టిక్ చెత్త వద్దంది, మిగతా సరుకుల్లో కూడా కల్తీ అర శాతం మించితే వెనక్కే అంది. నిన్నటిదాకా డబ్బులొచ్చిన బేలుకి ఇవాళ మేం ఎదురు డబ్బులిచ్చి తీసుకెళ్ళమనాల్సి వచ్చింది. మా లెక్కల పుస్తకంలో ఆదాయం వైపు ఉన్న పద్దు ఒక్క ఏడాదిలో ఖర్చు వైపుకి మారింది, ఆ గీత నా చేత్తో కొట్టాను.

అందుకని స్టిక్కర్లు. ఒక లోడులో పనికిరానిది ఎక్కువుంటే ప్లాంటు వాడు మొత్తం లోడు తిప్పి పంపుతాడు, తగలబెట్టడానికో పాతిపెట్టడానికో మళ్ళీ మేమే కట్టాలి. వానచినుకు గారి డబ్బాలో ట్రే ఒక్కటే అయినా ఆ వీధిలో నలభై ట్రేలు ఉంటాయి. స్టిక్కర్ మీద ఏ వస్తువో రాయకపోవడం మాత్రం తప్పే, అది ఒప్పుకుంటున్నా.

పక్కింటిపిల్లి:
సార్ మీ పోస్టు చదివాక పాపం అనిపించింది. కానీ ఒక డౌటు. మరి అసలు ఎంత రీసైకిల్ అవుతోంది? మా బాబాయ్ అంటాడు అంతా డ్రామా, అన్నీ ఒకే గుంటలో పోస్తారని.

బెల్టుపక్కన:
అంతా డ్రామా కాదు తమ్ముడూ. నీళ్ళ బాటిల్, పాల బాటిల్, ఇవి నిజంగా పోతాయి, నా చేతుల మీదుగా పోయాయి. బేలు కొనడానికి వచ్చినవాడు తీగలు తెంపి లోపల చెయ్యి పెట్టి చూస్తాడు, బాగుంటే ఎగబడి తీసుకెళ్తాడు. ముక్కలు చేసి నీళ్ళ తొట్లో పోస్తే పెట్ ముక్కలు మునుగుతాయి, మూతల ముక్కలు తేలతాయి, చాలా తేలిగ్గా విడిపోతాయి. పెట్ మళ్ళీ బాటిలే అవుతుంది. గోలంతా మిగతా వాటితోనే. చూడ్డానికి పెట్ లాగే ఉండే పీవీసీ ముక్క కొంచెం కలిసినా చాలు, పెట్ కరిగే వేడికి పీవీసీ మాడి ఆమ్లం వదిలి మొత్తం పసుపుపచ్చగా పాడవుతుంది. అందుకే ప్యాకింగ్ రకాలు ఎన్ని పెరిగితే మాకు అంత చావు.

తోకచుక్క:
పిల్లి గారు అడిగిన లెక్క: 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ఒకటుంది, 2015 వరకు మనిషి తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు, అందులో 630 కోట్ల టన్నులు చెత్తయింది, ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, తగలబెట్టింది 12, మిగిలిన 79 శాతం గుంటల్లోనో నేల మీదో నీళ్ళలోనో. 2019 సంవత్సరానికి ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) వాళ్ళు విడిగా వేసినా 9 శాతమే వచ్చింది. ప్లాస్టిక్ చెత్తలో ప్యాకింగ్ వాటా దాదాపు 40 శాతం అని కూడా వాళ్ళదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తా. చిత్తుకాగితం గారు చెప్పిన విందూ విస్తళ్ళ లెక్క మార్చాలని ఎప్పుడో అనుకున్నారు. దీన్నే ఈపీఆర్ అంటారు, తయారుచేసినవాడే చివరిదాకా బాధ్యుడు అనే పద్ధతి. 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన అక్కడి పర్యావరణ శాఖకి ఇచ్చిన రిపోర్టులో ఆ పేరు పెట్టాడు. మరుసటేడే 1991లో జర్మనీ చట్టం చేసింది, ప్యాకింగ్ బజార్లో పెట్టినవాడే దాన్ని వెనక్కి తీసుకునే ఖర్చు భరించాలి అని. పచ్చ చుక్క గుర్తు అక్కడిదే. (ఇంకో మోసం: ఆ పచ్చ చుక్క ఉంటే ఫీజు కట్టారని అర్థం, రీసైకిల్ అవుతుందని కాదు. జనం అదీ తప్పుగానే చదువుతారు.) తర్వాత యూరప్ అంతా పాకింది, ఇండియాలో 2022 ఫిబ్రవరిలో ప్లాస్టిక్ ప్యాకింగ్‌కి ఈపీఆర్ మార్గదర్శకాలు వచ్చాయి, అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2021లో మొదలుపెట్టింది.

నిదానమే_ప్రధానం:
కంపెనీ కడుతుంది కంపెనీ కడుతుంది అని సంబరపడకండి. వాడు జేబులోంచి ఇస్తాడా? ప్యాకెట్ మీద వేసి మన దగ్గరే లాగుతాడు. చివరికి మన నెత్తినే. అప్పుడు పన్నుగా కట్టాం, ఇప్పుడు రేటుగా కడతాం, తేడా ఏంటి?

తోకచుక్క:
తేడా ఉంది. పన్నుగా కడితే ట్రే కొన్నవాడూ కొననివాడూ ఇద్దరూ కడతారు, ఆరుబయట గారు కూడా కడుతున్నట్టే. రేటులో కలిస్తే కొన్నవాడే కడతాడు. రెండోది ముఖ్యమైనది, రెండు కంపెనీలు ఒకే తిండి అమ్ముతున్నాయి అనుకోండి, ఒకడి ట్రేకి ఫీజు తక్కువ, ఇంకోడి ట్రేకి ఎక్కువ, అప్పుడు ఆ రెండోవాడికి రాత్రి నిద్ర పట్టదు. మున్సిపాలిటీ కట్టినంతకాలం వాడు హాయిగా నిద్రపోయాడు.

గళ్ళచొక్కా:
ఇది నేను కళ్ళారా చూసిందే. మా దగ్గర ఒక ట్రే ఉండేది, నల్లది, పైగా కిందా పైనా వేర్వేరు ప్లాస్టిక్. దాన్ని ఒకే ప్లాస్టిక్‌తో, రంగు లేకుండా చేద్దాం అని మా టీమ్ మూడేళ్ళు అడిగాం. శాంపిల్స్ చేశాం, స్లైడ్లు చూపించాం, సముద్రంలో తాబేలు ఫొటో కూడా పెట్టాం. మార్కెటింగ్ వాళ్ళు "బాగుంది, చూద్దాం" అనేవాళ్ళు. తర్వాత మేం సరుకు అమ్మే ఒక దేశంలో రీసైకిల్ అవ్వని ప్యాకింగ్‌కి ఫీజు ఎక్కువ అనే రూలు వచ్చింది. లెక్కల విభాగం నుంచి ఒకావిడ ఒక చిన్న షీటు పంపింది, నల్ల ట్రేకి ఏడాదికి ఇంత, తెల్ల ట్రేకి ఇంత. నాలుగు నెలల్లో ట్రే మారింది. తాబేలు చెయ్యలేనిది ఎక్సెల్ షీటు చేసింది.

వానచినుకు:
గళ్ళచొక్కా గారూ నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇనపగజ్జె:
సరే ఈపీఆర్ గొప్పదే అనుకుందాం, కాగితాల మీద జరిగే వాటి సంగతి? చాలాచోట్ల కంపెనీ స్వయంగా ఏమీ ఏరదు, రీసైకిల్ చేసినట్టు సర్టిఫికెట్ కొంటుంది. ఇండియాలో 2023లో కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే లక్షల్లో దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి, లేని ప్లాస్టిక్‌ని రీసైకిల్ చేసినట్టు. ప్లాస్టిక్ కంటే సర్టిఫికెట్ తయారీ సులువు కదా, మెషిన్ కూడా అక్కర్లేదు ప్రింటర్ చాలు.

చిత్తుకాగితం:
అందుకే డబ్బు ఎవరు కడతారు అన్నదే కాదు, ఆ డబ్బు ఎవరికి చేరుతుంది అన్నది కూడా రాసుకోవాలి. ఎత్తే సంస్థకి నేరుగా చేరితే అది బళ్ళకి, ప్లాంటుకి, మనుషులకి పోతుంది. మధ్యలో తిరిగితే అరిగిపోతుంది. నలభై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్నది ఇదొక్కటే.

బెల్టుపక్కన:
మనుషులు అన్నారు కాబట్టి ఒక మాట. చాలా దేశాల్లో అసలు రీసైక్లింగ్ చేసేది మున్సిపాలిటీ కాదు, చెత్త ఏరుకునే వాళ్ళు. వాళ్ళ దగ్గర నేర్చుకోండి ఏది రీసైకిల్ అవుతుందో. వాళ్ళు బాటిల్ తీసుకుంటారు, గట్టి డబ్బా తీసుకుంటారు, చిప్స్ ప్యాకెట్ని వంగి కూడా చూడరు. ఎందుకంటే కిలో అవ్వడానికి వందల ప్యాకెట్లు ఏరాలి, ఏరినా కొనేవాడు లేడు. ఏ ప్రయోగశాల రిపోర్టూ అంత ఖచ్చితంగా చెప్పలేదు. బ్రెజిల్ 2010 చెత్త చట్టంలో వాళ్ళ సహకార సంఘాలకి చోటు ఇచ్చింది. కంపెనీ డబ్బు వాళ్ళ దాకా రావాలి, అప్పుడు ప్యాకెట్లకీ ఒక విలువ వస్తుంది.

ఆరుబయట:
నేను ఇందాక కొంచెం దురుసుగా అన్నాను, వానచినుకు గారు ఏమీ అనుకోవద్దు. కానీ ఒక సంగతి అడుగుతా. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ అని వస్తోంది కదా, ఆకు గుర్తు వేసి. అందరూ అదే వాడితే ఈ తంటా తీరిపోదా?

గళ్ళచొక్కా:
తీరదండీ, ఇంకొంచెం పెరుగుతుంది. వాటిలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే రకం మట్టిలో కలవాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి వారాల తరబడి ఉండే పెద్ద కంపోస్టు ప్లాంటు కావాలి. యూరప్ ప్రమాణమే 12 వారాల్లో ముక్కలవ్వాలి, 6 నెలల్లో 90 శాతం కుళ్ళాలి అని, అదీ అలాంటి ప్లాంట్లో. పెరట్లో గొయ్యి తీసి పాతిపెడితే ఏడాదికి తవ్వి చూసినా అలాగే నవ్వుతుంది. పైగా చూడ్డానికి అచ్చం పెట్ లాగే ఉంటుంది, రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే దాన్ని పాడుచేస్తుంది, కంపోస్టులో వేస్తే అక్కడివాళ్ళు ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తారు. ఎటూ కాకుండా పోతుంది పాపం.

పక్కింటిపిల్లి:
మరి బాటిల్ తిరిగిస్తే డబ్బులిచ్చే పద్ధతి? వీడియోల్లో చూశా, మెషిన్లో పెడితే చీటీ వస్తుంది.

తోకచుక్క:
అది బాటిళ్ళకీ డబ్బాలకీ బాగా పనిచేస్తుంది. జర్మనీలో 2003 నుంచి వాడి పారేసే పానీయాల బాటిల్‌కి డిపాజిట్ తప్పనిసరి, ఇప్పుడు 25 సెంట్లు, నూటికి 90కి పైగా తిరిగొస్తాయి. పారేసినవాడు వదిలేసినా ఇంకోడు ఏరి తెస్తాడు. నార్వే ఇంకా తెలివైనది, పానీయాల ప్యాకింగ్ మీద పన్ను వేసి, ఎన్ని తిరిగొస్తే అంత పన్ను తగ్గిస్తానంది, 95 శాతం దాటితే ఆ పన్ను అసలు లేదు. ఇంక బాటిళ్ళు వెనక్కి రప్పించుకోవడం కంపెనీల సొంత పని అయిపోయింది, ఎవరూ నీతులు చెప్పక్కర్లేదు.

ట్రేలకి మాత్రం డిపాజిట్ కష్టం, జిడ్డు, వాసన, వంద ఆకారాలు. వాటికి రంగూ రకాలూ తగ్గించడం, ఫీజు పెట్టడం, ఇదే దారి. యూరప్ కొత్త ప్యాకింగ్ చట్టం 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, 2030 కల్లా బజార్లోకి వచ్చే ప్యాకింగ్ అంతా రీసైకిల్ అయ్యేలా డిజైన్ చెయ్యాలని. ప్లాస్టిక్ మీద ప్రపంచ ఒప్పందం మాత్రం 2025 ఆగస్టులో జెనీవాలో కూడా కుదరలేదు, తయారీ తగ్గించాలి అనేవాళ్ళూ, చెత్త ఎత్తడం చూసుకుంటే చాలు అనేవాళ్ళూ ఒక చోటికి రాలేదు. చూస్తే అదీ మన వానచినుకు గారి ట్రే తగాదాయే, కాకపోతే దేశాల మధ్య.

నిదానమే_ప్రధానం:
ఒప్పుకున్నా. కానీ నాకు ఒకే ఒక్క ప్రాక్టికల్ ప్రశ్న, ఇంట్లో రోజూ గొడవ. బాటిల్ మూత తీసి వెయ్యాలా, పెట్టి వెయ్యాలా? మా ఆవిడ తీస్తుంది, నేను పెడతా.

బెల్టుపక్కన:
పెట్టండి సార్, కానీ ముందు బాటిల్ నలిపి గాలి తీసేసి. విడి మూతలు చిన్నవి కదా, జల్లెడ కన్నాల్లోంచి జారి గాజుపెంకులతో కలిసిపోతాయి. నీళ్ళ తొట్లో ఎలాగూ విడిపోతాయని ఇందాకే చెప్పా.

గళ్ళచొక్కా:
యూరప్‌లో 2024 జూలై నుంచి మూడు లీటర్ల లోపు పానీయాల బాటిళ్ళకి ప్లాస్టిక్ మూత ఊడి రాకుండా అతికే ఉండాలి. తాగేటప్పుడు ముక్కుకి తగులుతుందని తిట్టే వాళ్ళు మాకు రోజూ మెయిల్స్ పెడతారు.

చిత్తుకాగితం:
మా కాంట్రాక్టులో మూత తీసి వెయ్యమని ఉండేది. పాత ప్లాంటు కదా, మూత బిగించి ఉంటే నలిపే మెషిన్లో టపాకాయలా పేలేది. మీ లిస్టు చూసుకోండి.

నిదానమే_ప్రధానం:
అయితే గొడవ కంటిన్యూ.

వానచినుకు:
అందరికీ థాంక్సండీ, ఇంత చెప్తారనుకోలేదు. చిన్న అప్‌డేట్. చిత్తుకాగితం గారు చెప్పాక మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి కాంట్రాక్టు లిస్టు అడిగా. ఫోన్లో పావుగంట పట్టింది కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో అయిపోయింది, ఒక పేజీ కాగితం. పీపీ డబ్బాలు తీసుకుంటారు, "నల్లవి కాకుండా" అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. స్టిక్కర్ మీద వస్తువు పేరు రాసే గడి పెట్టమని అర్జీ కూడా ఇచ్చా, తీసుకున్నారు, నంబర్ ఇచ్చారు.

ఇంక ట్రే సంగతి. దాన్ని కంపెనీ వాళ్ళకే పోస్టులో పంపించా. రీసైకిల్ చెయ్యదగినదే అన్నారుగా, చెయ్యండి అని ఒక చీటీ, లోపల ఆ స్టిక్కర్ కూడా డబ్బా మీంచి నెమ్మదిగా ఊడదీసి అంటించా.

పక్కింటిపిల్లి:
అక్కా సూపర్!! దేంట్లో చుట్టి పంపావు, బబుల్ ర్యాప్‌లోనా?

వానచినుకు:
పాత న్యూస్‌పేపర్లో.

ఇనపగజ్జె:
టేపు?

వానచినుకు:
దారంతో కట్టా.

బెల్టుపక్కన:
దారం నైలాన్‌దా నూలుదా?

వానచినుకు:
...చూసుకోలేదండీ.